డొక్కలెగరేయడం

ఎనిమిదేళ్లుగా మెడికల్ కాలేజీలో అనాటమీ చెబుతున్నాను. పక్కటెముక చేతికిస్తే కళ్లు మూసుకుని కుడిదో ఎడమదో చెప్పేస్తాను. వెన్నుకి అతికే తల ఎటుందో, కింది అంచు లోపలివైపు గాడి ఎటుందో వేలికి తెలిస్తే చాలు. రక్తనాళాలూ నరమూ ఆ గాడిలోనే పోతాయి. అందుకే ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసేటప్పుడు సూదిని కింది ఎముక పై అంచు మీదుగా గుచ్చుతారు. ఇవన్నీ ఎండిన ఎముకల కబుర్లు.

మొన్న డిసెంబరులో మా బాబుకి ఎనిమిది నెలలు. దగ్గు, జ్వరం. సాయంత్రం చూసిన డాక్టరుగారు మామూలు జలుబేనని మందు రాశారు. రాత్రి తొమ్మిదింటికి, తణుకు నుంచి వచ్చి ఉన్న మా అత్తయ్య ఒళ్లో పడుకున్నవాడి చొక్కా పైకెత్తి, "అమ్మాయ్, ఇలా రా. వీడు డొక్కలెగరేస్తున్నాడు" అన్నారు.

డొక్కలంటే పొట్ట సంగతనుకున్నాను నేను! వంగి చూస్తే, గాలి పీల్చిన ప్రతిసారీ కింది పక్కటెముకల దగ్గర లోపలికి గుంట పడుతోంది. పీల్చినప్పుడు రొమ్మూ పొట్టా రెండూ పైకి లేవాలి కదా.

పెద్దవాళ్ల పక్కటెముకలు వెన్ను నుంచి ముందుకి వాలి ఉంటాయి. పీల్చినప్పుడు బకెట్ పిడిలా లేచి లోపల చోటు పెంచుతాయి. పసివాళ్లకి అవి దాదాపు అడ్డంగా ఉంటాయి. పిడి ముందే ఎత్తి ఉంది, ఇంక ఎత్తడానికేం లేదు. భారమంతా రొమ్ముకీ పొట్టకీ మధ్య ఉండే కండరం, డయాఫ్రమ్ మీదే. న్యుమోనియాతో ఊపిరితిత్తులు బిగుసుకుంటే అది ఇంకా గట్టిగా లాగుతుంది, ఆ లాగుడికి మెత్తటి గూడే లోపలికి పోతుంది. ఏటా బోర్డు మీద ఈ బొమ్మ గీసేదాన్నే.

నిద్రలోనే ఉన్నాడు కాబట్టి ఫోన్‌లో టైమర్ పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టాను. (ఏడుస్తున్నప్పుడూ పాలు తాగుతున్నప్పుడూ ఆ లెక్క పనికిరాదు.) 62. రెండు నెలలు నిండి ఏడాది లోపున్న బిడ్డకి 50 వచ్చినా వేగం కిందే లెక్క. ఏడాది దాటి ఐదేళ్ల లోపైతే 40.

ఆటోలో పరుగెత్తాం. ఆక్సిజన్ 89 చూపించింది. వెంటనే చేర్చుకున్నారు, నాలుగు రోజులున్నాం. ఇప్పుడు సోఫా పట్టుకుని నిలబడుతున్నాడు.

డ్యూటీ డాక్టరుకి చూపించడానికి మావారు ఆ రాత్రి ఇరవై సెకన్ల వీడియో తీశారు. ఈసారి క్లాసులో ఎముకలు పంచే ముందు అది వేశాను. ముందు బెంచీలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, మా ఊళ్లో దీన్ని పక్కలెగరేయడం అంటారు."