నాన్న తకిలీ, జాకిర్ హుస్సేన్ గారి భయం

నాన్న పోయిన ఆరు నెలలకు గానీ ఆయన ట్రంకుపెట్టె తెరవడానికి మాకు మనసొప్పలేదు. పింఛను కాగితాలు, రెండు పంచెలు, అడుగున పాత తువ్వాల్లో చుట్టిపెట్టిన ఒక తకిలీ, అంటే చేత్తో తిప్పి నూలు వడికే కదురు. గుండ్రటి ఇత్తడి బిళ్ళ, మధ్యలోంచి సన్నటి ఇనప పుల్ల, కొసన చిన్న కొండి. నాన్న బేసిక్ ట్రైనింగ్ స్కూల్లో చదివి టీచరయ్యారు. అక్కడ రోజూ నూలు వడకాల్సిందేనట. "వడికిన నూలు కొలిచే లెక్కలు నేర్చుకున్నాం అమ్మా" అని మా చిన్నప్పుడు చెబుతుండేవారు.

నేనూ టీచర్నే. హైదరాబాద్ శివారులో ఒక ప్రభుత్వ బడిలో సోషల్ చెబుతాను. ఈ తకిలీ మా నాన్న చేతికి ఎలా వచ్చిందో తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే డాక్టర్ జాకిర్ హుస్సేన్ దగ్గరికి చేరాను. అప్పటిదాకా ఆయన నాకు 'మన మూడో రాష్ట్రపతి ఎవరు' అనే బిట్ ప్రశ్నకు జవాబు, అంతే. నా పిల్లలకూ అలాగే చెప్పాను. ఇప్పుడు తల్చుకుంటే బాధగా ఉంది.

ఆయన పుట్టింది మన హైదరాబాద్‌లోనే, 1897 ఫిబ్రవరి 8న. వాళ్ళ ఇల్లు బేగంబజార్‌లో ఉండేది. పెళ్ళికి గిన్నెలు కొనాలన్నా, పండక్కి డ్రైఫ్రూట్స్ కొనాలన్నా మనం వెళ్ళే బేగంబజారే. తండ్రి ఇక్కడ పేరున్న లాయరు. జాకిర్‌కు పదేళ్ళప్పుడు తండ్రి పోతే, కుటుంబం ఉత్తరప్రదేశ్‌లోని సొంత ఊరు కాయంగంజ్ వెళ్ళిపోయింది. మరో నాలుగేళ్ళకు ప్లేగుతో తల్లి కూడా పోయింది. ఇటావాలో హాస్టల్లో ఉండి చదువుకున్నారు.

1920లో సహాయ నిరాకరణ పిలుపు విని అలీగఢ్ కాలేజీ వదిలి బయటికొచ్చిన వాళ్ళలో ఆయనొకరు. ఆ అక్టోబరులోనే జామియా మిల్లియా ఇస్లామియా అనే జాతీయ విద్యాసంస్థ పుట్టింది. తర్వాత ఆయన బెర్లిన్ వెళ్ళి ఆర్థిక శాస్త్రంలో డాక్టరేట్ చేశారు. ఆ లోపు ఇక్కడ ఖిలాఫత్ ఉద్యమం చల్లబడింది, జామియాకు డబ్బు లేదు, మూసేద్దామన్నారు. మేం వచ్చేదాకా మూయకండి, మా జీవితాలు దానికే ఇస్తాం అని జర్మనీ నుంచి ఆయన, ఇద్దరు స్నేహితులు కబురు పెట్టారు. 1926లో ముగ్గురూ తిరిగొచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో ఆయన ఆ దివాలా తీసిన సంస్థకు అధిపతి అయ్యారు.

అక్కడ ఇరవై రెండేళ్ళు ఉన్నారు. నేను మాటిమాటికీ ఆగిపోయేది ఈ అంకె దగ్గరే. జామియాను ఆదుకుంటూ వచ్చిన హకీం అజ్మల్ ఖాన్ 1927 చివర్లో పోయారు. మరుసటి ఏడాది అధ్యాపకులంతా కలిసి ఒక ఒట్టు పెట్టుకున్నారు: ఇరవై ఏళ్ళు ఇక్కడే పని చేస్తాం, నెలకు 150 రూపాయలకు మించి తీసుకోం. బెర్లిన్ డాక్టరేట్ ఉన్న మనిషికి ఇంకెక్కడైనా ఎంత వచ్చేదో ఊహించుకోవచ్చు. 1935లో ఢిల్లీలోని ఓఖ్లాలో కొత్త భవనానికి శంకుస్థాపన చేయాల్సి వస్తే, పెద్దవాళ్ళెవరినీ పిలవకుండా ఆ బడిలో అందరికన్నా చిన్న పిల్లవాడితో చేయించారు. ఇంత గొప్ప శంకుస్థాపన గురించి నేనింకెక్కడా చదవలేదు.

బూట్ల కథ చాలామంది వినే ఉంటారు. శుభ్రంగా రమ్మంటే వినని విద్యార్థుల కోసం ఆయనే పాలిష్ డబ్బా, బ్రష్ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారని చెప్పుకుంటారు. మంచి కథే. కానీ నాకు ఆయన మీద నిజంగా గౌరవం కలిగింది వార్ధాలో జరిగిన విషయం చదివాక.

1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యా సదస్సు పెట్టారు. ఏడేళ్ళ చదువు, మాతృభాషలో, ఒక చేతిపని చుట్టూ అల్లుకుని ఉండాలి, పిల్లలు చేసిన వస్తువులతో బడి ఖర్చు వెళ్ళిపోవాలి అన్నది ఆయన ఆలోచన. చేతిపనితో చదువు చెప్పడాన్ని జాకిర్ హుస్సేన్ పూర్తిగా సమర్థించారు. పని ద్వారా చదువు చెప్పాలన్న జర్మన్ విద్యావేత్త కెర్షెన్‌స్టైనర్ రచనలు ఆయన చదివినవే. కానీ బడి తన ఖర్చు తానే సంపాదించుకోవాలన్న చోట మాత్రం గాంధీజీ ఎదుటే జాకిర్ హుస్సేన్ తన భయం చెప్పారు. దాని మీదే పట్టుబడితే టీచర్లు పేద పిల్లల చేత వెట్టిచాకిరీ చేయిస్తారు, అప్పుడు తకిలీ పుస్తకం కన్నా చెడ్డదవుతుంది, ఇదీ ఆయన చెప్పిన మాట సారం.

గాంధీజీ చేసిందేమిటంటే, పథకం రాసే కమిటీకి జాకిర్ హుస్సేన్‌నే అధ్యక్షుణ్ణి చేశారు! కాదన్న మనిషి చేతికే పగ్గాలిచ్చారు. డిసెంబరుకల్లా రిపోర్టు వచ్చింది. బేసిక్ విద్య అన్నది ఈ పథకాన్నే. మా నాన్న తకిలీ ఆ రిపోర్టు దారిలో నడిచి వచ్చిందే.

పని చేయించినంత మాత్రాన చదువు అయిపోదని జాకిర్ హుస్సేన్ చెబుతూనే ఉండేవారు. ఏం చేయాలో, ఎందుకో పిల్లాడే ముందు ఆలోచించుకోవాలి. ఎలా చేయాలో లెక్క వేసుకోవాలి. చేయాలి. అయ్యాక ఎలా వచ్చిందో తనే చూసుకుని తప్పు పట్టుకోవాలి. ఈ చివరిది మనం పిల్లలకు ఎప్పుడూ వదలం. తప్పులు పట్టడం మన పనే అనుకుంటాం, ఎర్ర పెన్ను మన చేతిలోనే ఉంటుంది. నేను ఇరవై మూడేళ్ళుగా అదే చేశాను.

1946 నవంబరులో జామియా రజతోత్సవం. కాంగ్రెస్ నుంచి నెహ్రూ, ఆజాద్ ఒకవైపు, ముస్లిం లీగ్ నుంచి జిన్నా, లియాఖత్ అలీ ఒకవైపు, ఒకే వేదిక మీద. అప్పటికే దేశం తగలబడుతోంది. నిప్పు ఎవరు పెట్టారో తేల్చే సమయం కాదిది, ముందు మంటలార్పండి అని వాళ్ళందరినీ బతిమాలారు ఆయన. ఏడాది తిరక్కుండానే, 1947 ఆగస్టులో, జలంధర్ స్టేషన్‌లో అల్లరిమూక ఆయన్ని చంపబోయింది. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి కాపాడారు. సొంత తమ్ముడు పాకిస్తాన్ వెళ్ళిపోయారు. ఈయన ఇక్కడే ఉండి 1948లో అలీగఢ్ యూనివర్సిటీ బాధ్యత తీసుకున్నారు.

బీహార్ గవర్నరు, ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, ఇవన్నీ ఏ క్విజ్ పుస్తకంలోనైనా దొరుకుతాయి. 1967లో రాష్ట్రపతి పదవికి ఆయన మీద పోటీ చేసింది మన తెలుగువారే, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి వదులుకుని వచ్చిన కోకా సుబ్బారావు గారు. ఓట్ల విలువ 4,71,244కి 3,63,971. భారతదేశమంతా నా ఇల్లు, ప్రజలంతా నా కుటుంబం అని ప్రమాణ స్వీకారం రోజున అన్నారు జాకిర్ హుస్సేన్. రెండేళ్ళు నిండకుండానే 1969 మే 3న పదవిలో ఉండగానే పోయారు. సమాధి జామియా ఆవరణలోనే ఉంది, పిల్లలు క్లాసులకు తిరిగే చోట.

మా టైంటేబుల్లో 'పని విద్య' అని ఒక పీరియడ్ ఉంటుంది. సాధారణంగా అది లెక్కలకు పోతుంది. ఈసారి హెడ్మాస్టరు గారిని అడిగి ఏడో తరగతికి ఆ పీరియడ్ నేను తీసుకున్నాను. తకిలీ, కొంచెం దూది తీసుకెళ్ళాను. ఏం చేద్దాం అని పిల్లల్నే అడిగితే, బడి వెనక చిక్కుడు పాదుకు పందిరి కట్టడానికి దారం చేద్దామన్నారు. ఎంత దారం కావాలో కర్రలు పాతి కొలిచారు. వడకడం మొదలుపెట్టాక మూరెడు కూడా రాకుండా పుటుక్కున తెగిపోతోంది. నాకూ రాలేదు. నాన్నను అడిగి నేర్చుకోవాల్సిందని ఆ రోజు ఎంత అనిపించిందో.

వెనక బెంచీ కుర్రాడొకడు, క్లాసులో నోరు విప్పనివాడు, లేచి నిలబడ్డాడు. "టీచర్, మా నానమ్మ గొంగళ్ళకు ఉన్ని వడికేది. పిలుసుకొస్తా."

మరుసటి శుక్రవారం ఆమె వచ్చింది. కుర్చీ వేస్తే వద్దని నేల మీదే కూర్చుంది. నాన్న తకిలీని చేతిలో తిప్పి చూసి, దూది పీకి, రెండు వేళ్ళతో సాగదీసింది. పిల్లలంతా చుట్టూ చేరారు. మేం వడికిన ముక్కలు చూపిస్తే ఒక్కొక్కటీ లాగి చూసి, "పురి సాలలే బిడ్డా. తెగినకాడ సూడుండ్రి, మీకే తెలుస్తది" అంది. ముప్పై నాలుగు మంది తలలు వంచి తెగిన చోటు చూడడం మొదలుపెట్టారు.