లైమ్ స్ట్రీట్‌లో 10వ నంబరు ఇల్లు

శనివారం, రాత్రి 11 గంటలు.

కళ్ళజోడు రిపేరుకిచ్చి పది రోజులైంది. ఇవాళ ఎలాగైనా తెచ్చుకోవాలని పొద్దున్నే బోస్టన్ మెట్రో రెడ్ లైన్ ఎక్కి చార్లెస్ స్టేషన్‌లో దిగాను. షాపు తెరవడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. అక్టోబరు చలి, చేతులు జేబులో పెట్టుకుంటే సరిపోయేంత. నడుచుకుంటూ లైమ్ స్ట్రీట్‌లోకి తిరిగాను. నిజానికి అటు వెళ్ళాలనే బయల్దేరాను, కళ్ళజోడు ఒక వంక. గురువారం అమ్మ ఫోనులో ఆ మాట చెప్పినప్పటి నుంచి ఆ ఇల్లే బుర్రలో తిరుగుతోంది.

సన్నటి వీధి. 10వ నంబరు ఇటుకల ఇల్లు. ఇప్పుడు ఎవరో కాపురం ఉంటున్నారు, పరాయివాళ్ళ గుమ్మం వైపు అదే పనిగా చూడటం బాగుండదని ఎదురుగా ఒక్క రెండు నిమిషాలు నిలబడ్డాను. 1924 జులై 23 రాత్రి, సంకెళ్ళు విడిపించుకునే గారడీలకి పేరుపడ్డ హ్యారీ హౌడినీ ఈ గుమ్మంలోంచే లోపలికి వెళ్ళాడు.

ఆ రోజుల్లో ఇది క్రాండన్ అనే సర్జన్ గారిల్లు. ఆయన భార్య మీనా. బయటి లోకానికి 'మార్జరీ'. చీకటి గదిలో అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా కూర్చుంటే, 1911లో రైలు ప్రమాదంలో పోయిన ఆమె అన్న వాల్టర్ వచ్చి మాట్లాడతాడని, గంట మోగిస్తాడని, బల్ల ఎత్తేస్తాడని పేరు. 'సైంటిఫిక్ అమెరికన్' పత్రిక నిజమైన మీడియం, అంటే పోయినవాళ్ళతో మాట్లాడించేవాళ్ళు, ఎవరైనా ఉంటే 2,500 డాలర్లు ఇస్తామని ప్రకటించి, పరీక్షించడానికి ఒక కమిటీ వేసింది. హార్వర్డ్ ప్రొఫెసరు మెక్‌డూగల్ లాంటి పెద్దపెద్ద చదువులవాళ్ళు అందులో ఉన్నారు. చదువు మధ్యలోనే ఆగిపోయిన హౌడినీ కూడా ఉన్నాడు. బహుమతి ఈవిడకే అన్న మాట పేపర్లకెక్కుతుంటే, చేస్తున్న పనులు పక్కన పెట్టి బోస్టన్ వచ్చాడు.

వచ్చేముందు ఆయన చేసిన పనే నాకు అన్నిటికంటే ఇష్టం. పొద్దుణ్ణుంచీ మోకాలి కింద రబ్బరు కట్టు బిగించి కట్టుకున్నాడు. సాయంత్రానికి పిక్క వాచి, చిన్న తాకిడికి కూడా జివ్వుమనేలా తయారైంది. చీకట్లో ఆమె పక్కన కూర్చుని పంట్లాం పైకి మడిచాడు. గంట పెట్టె ఆయన పాదాల మధ్య ఉంది. పైచెక్క నొక్కితే లోపల బ్యాటరీకి తీగ కలిసి మోగుతుంది, అంతే దాని మర్మం. ఆమె చీలమండ ఆయన పిక్కకి ఆనుకుని ఉండాలన్నది షరతు. ఆ చీలమండ కొంచెం కొంచెంగా జరుగుతూ పెట్టె వైపు వెళ్ళడం, అక్కడికి చేరగానే గంట మోగడం ఆ వాచిన కాలికి స్పష్టంగా తెలిసింది. కళ్ళు పనిచేయని చోట చర్మాన్ని కన్నుగా చేసుకున్నాడు. గారడీ తెలిసినవాడికి తప్ప ఇంకొకరికి ఇది తట్టదు. ప్రొఫెసర్లు ప్రకృతిని పరీక్షించడంలో గట్టివాళ్ళు. ప్రకృతి అబద్ధమాడదు మరి, మనిషి ఆడతాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక మందుల డబ్బాలోంచి క్రేప్ బ్యాండేజ్ తీసి, ఓ గంట మోకాలి కింద బిగించి కట్టుకుని చూశాను. విప్పాక మేజోడు అంచు కుట్టు కూడా గీరుకున్నట్టు తెలిసింది. ఇక రోజంతా కట్టుకుంటే ఆయన కాలు ఎలా ఉండి ఉంటుందో!

అంతా కడిగిన ముత్యం కాదు ఈ కథ. ఆగస్టులో ఆమెని కూర్చోబెట్టడానికి హౌడినీ ఒక చెక్కపెట్టె చేయించాడు. అందులో, చాపితే గంట పెట్టెని అందుకోగల మడత స్కేలు ఒకటి దొరికింది. ఆమే దాచుకుందని ఈయన, ఈయన సహాయకుడే పెట్టాడని వాళ్ళు. ఆ గొడవ తేలనే లేదు. ఆ స్కేలు సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. పట్టుకోవడం ఒక్కటే చాలదు, పట్టుకున్నవాడి చేతులు కూడా మచ్చ లేకుండా ఉండాలి. ఏమైనా 1925 ఫిబ్రవరిలో కమిటీ ఆమెకి బహుమతి లేదని తేల్చేసింది.

ఇంత పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చింది ఆ మనిషికి? వాళ్ళమ్మ నుంచి. 1913 జులైలో ఆయన కోపెన్‌హాగన్‌లో ఉండగా అమ్మ పోయిందని టెలిగ్రాం అందింది. ఓడెక్కి అట్లాంటిక్ దాటి వచ్చేదాకా అమ్మని సమాధి చేయకుండా ఆపారు. ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసేశాను. నాన్న పోయినప్పుడు నన్ను కూడా అలాగే ఆపి చూపించారు. దోహాలో విమానం మారి, హైదరాబాదులో దిగి, కారులో ఊరు చేరేసరికి వసారాలో ఫ్రీజర్ పెట్టె. అద్దం మీద ఆవిరి. మా బాబాయి తువ్వాలుతో అద్దం తుడిచి చూడమన్నాడు.

అమ్మతో ఒక్కసారి మాట్లాడాలన్న ఆశ హౌడినీకి నిజంగా ఉండేది. 1922 జూన్‌లో అట్లాంటిక్ సిటీలో, షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన ఆర్థర్ కానన్ డాయల్ భార్య కలం పట్టుకుని మీ అమ్మగారు రాయిస్తున్నారంటే నమ్మాలనే కూర్చున్నాడు. ఆవిడ పదిహేను పేజీలు రాసింది. పైన సిలువ గుర్తు, కింద చక్కటి ఇంగ్లీషు. వాళ్ళమ్మ యూదు గురువు భార్య. కొడుకుతో జర్మన్‌లో మాట్లాడిన మనిషి, ఇంగ్లీషు అంతంతమాత్రం. డాయల్ దంపతులు మోసగాళ్ళు కారు, మనస్ఫూర్తిగా నమ్మినవాళ్ళు. డాయల్ కొడుకుని పోగొట్టుకున్నవాడు కూడా. అక్కడ హౌడినీకి మిగిలింది దుఃఖం. కోపం మాత్రం ఆ దుఃఖానికి రేటు కట్టి అమ్ముకునేవాళ్ళ మీద.

రోజ్ మెకెన్‌బర్గ్ అని ఆయన దగ్గర పనిచేసిన డిటెక్టివ్ ఒకావిడ ఉండేది. ఆయన ప్రదర్శన కంటే ముందే ఊరూరా వెళ్ళి, విధవరాలి వేషంలో మీడియంల దగ్గర కూర్చునేది. చచ్చిపోయిన మొగుళ్ళు ఆవిడకి కబుర్లు పంపేవాళ్ళు. ఆవిడకి పెళ్ళే కాలేదు. తర్వాత హౌడినీ స్టేజీ మీద ఆ మీడియంల పేర్లు చదివేవాడు. 1926లో వాషింగ్టన్‌లో ఈ వ్యాపారాన్ని నిషేధించే బిల్లు కోసం అమెరికా చట్టసభ కాంగ్రెస్ కమిటీ ముందు కూడా ఇద్దరూ సాక్ష్యం చెప్పారు. బిల్లు మాత్రం నెగ్గలేదు. పేరు రాకముందు, 1890ల్లో, కాన్సస్ ఊళ్ళల్లో తను కూడా ఈ మీడియం ఆట ఆడాడు హౌడినీ. శ్మశానాలకెళ్ళి రాళ్ళ మీది పేర్లు చదువుకొచ్చి సాయంత్రం చెప్పేవాడట. అది తప్పని తర్వాత తనే ఒప్పుకున్నాడు.

శ్మశానం రాళ్ళ సంగతే నన్ను గురువారం నుంచి తినేస్తోంది. అమ్మ వెళ్ళింది మా ఊరికి గంట దూరంలో ఒకావిడ దగ్గరికి. పోయినవాళ్ళు ఆవిడ ఒంటి మీదికి వచ్చి మాట్లాడతారట. 5,116 రూపాయలు, చీర, కొబ్బరికాయలు. లోపలికి పంపేముందు గంటన్నర అరుగు మీద కూర్చోబెట్టారు. ఒక అమ్మాయి మంచినీళ్ళిచ్చి, పక్కన చేరి, "ఏ ఊరమ్మా, ఎంతమంది పిల్లలు, పాపం ఎలా జరిగింది?" అని అడుగుతూ కూర్చుందట. తర్వాత లోపల, మోటారు షెడ్డు దగ్గర పడిపోయానని నాన్న చెప్పాడు.

సాయంత్రం ఎనిమిదిన్నరకి ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం తెల్లవారుజాము, అమ్మ పాలు పొయ్యి మీద పెట్టింది. కోప్పడకూడదని ముందే అనుకున్నాను. హౌడినీ కథ చెప్పాను, కట్టు సంగతి, పదిహేను పేజీల ఇంగ్లీషు సంగతి. అరుగు మీద అమ్మాయి గురించి మాత్రం ఏమీ అనలేదు. అమ్మ ఊఁ కొడుతూ అంతా వింది.

"నాకప్పుడే తెలిసిందే," అంది. "మీ నాన్న నన్ను ఏనాడైనా పేరు పెట్టి పిలిచాడా? ఏమేవ్ అనేగా. ఆవిడ పేరు పెట్టి పిలిచింది."

"మరి డబ్బులెందుకిచ్చావమ్మా?"

"ఇంకాసేపు కూర్చుంటే ఏమేవ్ అంటాడేమోనని."

నాకు మాట రాలేదు. అవతల పాలు పొంగిన చప్పుడు, పొయ్యి కట్టేసిన చప్పుడు.

"వచ్చే అమావాస్యకి రమ్మన్నారు, వెళ్ళన్లే," అంది. కాసేపాగి, "ఇంతకీ ఆయన వాళ్ళమ్మ మాట ఎప్పుడైనా విన్నాడా?" అని అడిగింది.

"లేదమ్మా. ఆయన పోయాక ఆయన భార్య కూడా పదేళ్ళు ఎదురుచూసింది. ఏమీ వినపడలేదు."

"పదేళ్ళా," అంది అమ్మ. గ్లాసులో కాఫీ తిరగబోస్తున్నట్టుంది. "కళ్ళజోడు తెచ్చుకున్నావా?"