తూము దగ్గర రెండో పాశురం

ధనుర్మాసం రెండో రోజు తెల్లవారుజామున గుడికి వెళ్లాలంటే నాకు గుండె కాస్త బరువెక్కుతుంది. వెళ్లకుండా మాత్రం ఉండలేను. అప్పటికి సార్వా, అంటే తొలి పంట, కోతలు అయిపోయి, చేలల్లో కుప్పలు మంచుకి తడుస్తూ ఉంటాయి. వాకిళ్లలో ముగ్గుల మీద గొబ్బెమ్మలు, వాటి నెత్తిన గుమ్మడిపువ్వు. మిరియాలు వేసిన కట్టెపొంగలి వాసన గుడి ప్రహరీ దాటి రోడ్డు మీదికొచ్చేస్తుంది. ఆచార్యులుగారు తిరుప్పావై పాశురం ఒక్కో పాదం చెబితే వెనకాల మేమంతా అందుకుంటాం. అప్పటిదాకా బాగానే పలికిన నా గొంతు ఆరో పాదం దగ్గరికి రాగానే సన్నబడిపోతుంది.

శెయ్యాదన శెయ్యోమ్, తీక్కురళై చ్చెన్రోదోమ్.

చేయరానివి చేయం. చెడ్డ మాట మోసుకెళ్లి ఒకరికి చెప్పం.

తిరుప్పావై ముప్పై పాశురాల్లో ఇది రెండోది. గోపికలు తాము పట్టబోయే నోముకు నియమాలు చెప్పుకునే పాశురం. నెయ్యి తినం, పాలు తాగం, తెల్లారకుండానే స్నానం చేస్తాం, కాటుక పెట్టుకోం, పువ్వులు ముడుచుకోం. వ్రేపల్లె పిల్లలు ఈ మాట అనడంలోనే ఉంది అందమంతా. పాలూ నెయ్యీ ఏరులై పారే ఇళ్లు వాళ్లవి. లేనివాడు తిననంటే అది లేమి. కుండ నిండా వెన్న పెట్టుకున్న పిల్ల, ఈ నెల్లాళ్లూ ముట్టనని తనంత తాను అనుకుంటే, ఆ పిల్లకి తన నాలుక మీద ఎంత అధికారం ఉన్నట్టు! వాళ్లని ఎవరూ శాసించలేదు. కాపలా కూడా ఎవరూ లేరు. తిరుప్పావై పాడిన గోదమ్మ, మన ఆండాళ్, ఆ నియమాలన్నీ వాళ్ల నోటితోనే, 'మేము' అనిపిస్తూ చెప్పించింది. ఉణ్ణోం, ముడియోం, శెయ్యోం. మన తినం, ముడవం, చెయ్యం లాగే.

చిన్నప్పుడు నాకు ఈ పాశురంలో నెయ్యీ పాలే పెద్ద త్యాగంగా కనబడేవి. తీక్కురళై అంటే కొండేలు చెప్పడం, అదెలాగూ మనం చెయ్యం కదా అనుకునేవాణ్ణి. 2022 జూలై దాకా అలాగే అనుకున్నాను.

మా ఊరు గౌతమి ఏటిగట్టు కింద ఉంటుంది. గోదావరి ఎదుగుతోందంటే మా దగ్గర చంటిపిల్లలకి కూడా ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం లెక్కలు నోటికొస్తాయి. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మామూలుగా ఆగస్టులో రావాల్సిన పెద్ద వరద ఆ ఏడు జూలైలోనే వచ్చింది. మూడో హెచ్చరిక దాటిపోయింది. బ్యారేజీ నుంచి పాతిక లక్షల క్యూసెక్కులకి పైగా సముద్రంలోకి వదిలారు. లంకలన్నీ మునిగాయి. మా కుర్రాళ్లు, కాలవలూ గట్లూ చూసుకునే లస్కర్లు కలిసి గట్టు మీద బలహీనంగా ఉన్న చోట ఇసుక బస్తాలు వేస్తూ రాత్రంతా కాపలా ఉన్నారు.

నేను ఇంట్లో ఉన్నాను. జ్వరం. నిద్ర పట్టక ఫోను చూస్తున్నాను. అర్ధరాత్రి దాటాక ఎవరో ఒక వీడియో పంపారు. చీకట్లో గట్టు కోసుకుపోతోంది, ఎవరో కేకలు పెడుతున్నారు. అది ఏ నదో, ఏ ఏటిదో నాకు తెలియదు. మా గట్టులాగే ఉంది. ఊరి గ్రూపులో పెట్టి, కింద నా చేత్తో రాశాను: "మన గట్టేనట. అందరూ లేవండి."

ఆ 'ట' గురించి నేను చాలా రాత్రులు ఆలోచించాను. తెలుగులో ఇంత చిన్నదీ, ఇంత పెద్ద తప్పించుకునే దారీ ఇంకోటి లేదు. వచ్చాడట, పోయాడట, తెగిందట. ఆ ఒక్క అక్షరం తగిలించగానే మాట మనది కాకుండా పోతుంది. ఎవరో అన్నారు, నేను చెప్పానంతే. మాట మాత్రం నా నోటి నుంచే, నా వేలి నుంచే బయల్దేరింది. తీక్కురళై చ్చెన్రోదోమ్‌లో 'చెన్రు' అంటే వెళ్లి. వెళ్లి చెప్పడం. గోదమ్మ కాలంలో కొండెం చెప్పాలంటే కనీసం లేచి నాలుగిళ్లు నడవాలి. ఆ నడకలోనైనా మనసు మారేందుకు కాస్త చోటుండేది. నేను మంచం దిగలేదు.

తర్వాత జరిగింది చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. గట్టు మీదున్న కుర్రాళ్లకి ఇళ్ల దగ్గర్నుంచి ఫోన్లు. ఎక్కడ తెగిందో తెలీదు, తెగిందట. పెళ్లాం బిడ్డలు ఇంట్లో ఉన్నవాడు ఏం చేస్తాడు? బస్తాలు అక్కడే పడేసి ఇళ్లకి పరిగెత్తారు. దాదాపు అరగంట, నిజంగా కాపలా కావలసిన చోట కాపలా లేకుండా పోయింది. గట్టు నిలబడింది. అది నా గొప్పా కాదు, నా అదృష్టమని కూడా అనను. స్వామి దయ.

పక్కింటి మామ్మగారికి 1986 వరద బాగా గుర్తు. గట్లు తెగి ఊళ్లు ఊళ్లే నీళ్లలో నిలబడిన ఏడాది అది. అందుకే ఆవిడ ఒక్క క్షణం అనుమానించలేదు. పొలం పాసుపుస్తకాలు, రాములవారి పటం బియ్యం సంచిలో వేసుకుని చీకట్లో అరుగు దిగుతూ పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది.

మూడు రోజులు పోయాక వెళ్లి చెప్పాను. "మామ్మా, ఆ వీడియో పెట్టింది నేనే."

కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకి చూసింది. "నీళ్లు రాలేదు కదరా నాయనా. అదే చాలు" అంది. తిట్టి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ పాదం దగ్గర మా ఆచార్యులుగారు ప్రతి ఏడూ సీతమ్మను తలుచుకుంటారు. రావణుడు పోయాక ఆ కబురు చెప్పడానికి అశోకవనానికి వచ్చిన హనుమ, నిన్ను ఇంతకాలం బాధపెట్టిన ఈ రాక్షస స్త్రీలను చంపనా అమ్మా అని అడుగుతాడు. ఆవిడ ఒక్క మాట అంటే చాలు. పైగా అది అబద్ధం కూడా కాదు, వాళ్లు నిజంగానే బాధపెట్టారు. ఆవిడ మాత్రం వాళ్లని కాపాడే మాటే చెప్పింది: న కశ్చిన్నాపరాధ్యతి, తప్పు చేయనివాడంటూ ఎవడూ లేడు. నిజమైనా సరే, ఆ మాట వదిలితే ఎవరి మెడ మీద పడుతుందో ఆవిడ చూసుకుంది. నేను నిజమో కాదో కూడా చూసుకోలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా నాయనమ్మ అంటూ ఉండేది. ఇప్పుడు నోరు కూడా అక్కర్లేదు. మా మేనల్లుడు కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు నాతో అర నిమిషం ఏదో చదివించి, రికార్డు చేసుకున్నాడు. కాసేపటికి వాడి ఫోను నా గొంతుతో, "రేపట్నుంచి కాలవ కట్టేస్తున్నారు" అంది. వంటింట్లోంచి మా ఆవిడ, "అదేంటండీ, ఎవరు చెప్పారు మీకు?" అని అడిగింది. నేను నోరే తెరవలేదు. పాతికేళ్లు నాతో కాపురం చేసిన మనిషి, ఆ గొంతు నాదేనని నమ్మింది. నాకు ఒళ్లు జలదరించింది.

ఇలాంటివి చెయ్యకురా అన్నాను. వాడు చెడ్డవాడు కాదు, బుద్ధిమంతుడే. "మావయ్యా, నేనెవరికీ హాని చెయ్యట్లేదుగా. నా ఫోను, నా తెలివి. ఆ మాత్రం స్వేచ్ఛ కూడా లేదా?" అన్నాడు. వాడు అడిగింది న్యాయమైన ప్రశ్న. నాకు అప్పటికప్పుడు జవాబు దొరకలేదు. మర్నాడు దాళ్వా, అంటే రెండో పంట, మడికి నీళ్లు పెట్టడానికి వెళుతూ వాణ్ణి వెంటబెట్టుకుని తూము దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ మా నాన్నగారి సంగతి చెప్పాను.

నీళ్లు తక్కువైన ఏడు దాళ్వాకి వంతులు పెడతారు. ఒకసారి మా వంతు రాత్రి పది నుంచి తెల్లవారుజాము నాలుగింటి దాకా వచ్చింది. నాకు పన్నెండేళ్లుంటాయి. లాంతరు పట్టుకుని నాన్నగారి వెనక వెళ్లాను. రెండున్నరకల్లా ఆఖరి మడి నిండింది. ఆయన పంచె ఎగ్గట్టి బోదెలోకి దిగి, తూముకి పలక అడ్డం వేసి, చుట్టూ గడ్డీ బురదా కూరి, నీటి చప్పుడు పూర్తిగా ఆగిందాకా చెవి దగ్గరగా పెట్టి విన్నారు. "ఇంకా గంటన్నర మన వంతే కదా నాన్నా" అన్నాను. "వంతు మనదేరా. మడి నిండాక కూడా తీసుకుంటే పోయేది మురుక్కాలవలోకే. కింద శివారోళ్ల నారు ఎండిపోతోంది" అన్నారు. అంతటితో ఇంటికి రాలేదు. ఆ చలిలో గట్టు వెంబడి నడుచుకుంటూ వెళ్లి, కాలవ చివర, శివారులో ఉన్న రైతును నిద్ర లేపి, నీళ్లు వస్తున్నాయని చెప్పి వచ్చారు.

"తాతయ్య కట్టెయ్యకపోతే ఎవరైనా అడిగేవారా?" అన్నాడు మా వాడు.

"ఎవరడుగుతారు? వంతు ఆయనదే."

వాడు ఇంకేం అనలేదు. తూము పలక మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. స్వేచ్ఛ గురించి నేను చెప్పగలిగింది అంతే. నా వంతు ఎవరూ లాక్కోకూడదు, అది నా హక్కే. కానీ తూము దగ్గర నిలబడ్డవాడికి శివారు చేను కంటికి కనబడదు. కనబడని ఆ చేను కూడా తలపులో ఉంటేనే చెయ్యి సరిగా పడుతుంది. ఫోనులో నేను వదిలే మాటకు శివారు ఎక్కడుందో నాకు తెలియదు. ఆ రాత్రి అది పక్కింటి అరుగు దగ్గరే ఉంది.

యంత్రాలను తిట్టడానికి ఇది రాయడం లేదు. డెల్టాలో పుట్టినవాడికి ఆ అర్హత కూడా లేదు. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే ఈ కొబ్బరితోటలు, ఈ రెండు పంటలు ఎక్కడివి? గోదావరి కళ్లెదుటే సముద్రంలో కలిసిపోతుంటే, ఒక పక్క కరువు, ఒక పక్క వరద చూసిన నేల ఇది. అందుకే మనవాళ్లు ఆ ఇంజినీరుని సంకల్ప శ్లోకంలోనే పెట్టుకున్నారు: స్మరామ్యాంగ్లేయ దేశీయం కాటనుం తం భగీరథం. సముద్రం అవతల నుంచి వచ్చిన ఒక దొరను భగీరథుడని పిలిచి, నిత్యం గోదావరి స్నానం చేసే పుణ్యం ఆయన వల్లే అని తలుచుకునేంత పెద్ద మనసు మన పెద్దలది. ఇప్పటి బ్యారేజీకి 175 గేట్లు. మూసి ఉంచాల్సిన రోజు మూసి, ఎత్తాల్సిన రోజు ఎత్తే చేతులున్నాయి కాబట్టే అది మనకి అన్నం పెడుతోంది. ఆ 2022 వరదలోనే, లంకల్లో చిక్కుకున్నవాళ్లకి పడవలు, పాల ప్యాకెట్లు, మందులు ఎక్కడెక్కడ కావాలో కబురు అందించింది కూడా ఈ ఫోన్లే. చెప్పాల్సిన కబురు చెప్పకపోవడం కూడా తప్పే. గట్టు నిజంగా తెగిన రోజు నోరు మూసుకుని కూర్చుంటే అది నియమం ఎలా అవుతుంది?

గీత చివర కృష్ణపరమాత్మ అర్జునుడితో అన్న మాట నాకు ఇక్కడ తోడొస్తుంది. విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు. పద్దెనిమిది అధ్యాయాలు చెప్పినవాడు ఇలాగే చెయ్యి అని ఆజ్ఞ వెయ్యలేదు. నీ ఇష్టం అన్నాడు. కాకపోతే ఆ ఇష్టానికి ముందు 'విమృశ్య' అని ఒక మాట పెట్టాడు, బాగా విచారించుకుని అని. రెండో పాశురం చివర్లో గోపికలూ అదే అంటారు. ఉయ్యుమారెణ్ణి ఉగందు. ఎణ్ణి అంటే ఎంచి చూసుకుని. మన ఎన్నడం, ఎంచడం ఆ మాటకి చుట్టాలే. 'ఆరు' అంటే దారి. తమిళంలో ఏరును కూడా ఆరు అనే అంటారట... ఇది నేను వినడమే కాదు, నిఘంటువు తీసి చూసుకున్నాను కూడా, కాబట్టి ఆ 'ట' తీసేస్తున్నాను. ఏరును కూడా ఆరు అంటారు. బతికి బట్టకట్టే దారి ఏదో ఎంచుకుని, ఉగందు, సంతోషంగా. గోపికలు నియమాలన్నీ చెప్పి, చివరికి సంతోషంగా అన్నారే! ఆ సంతోషం నాకు ఇంకా పూర్తిగా అందలేదు. కానీ అప్పుడప్పుడు, పంపబోయిన దాన్ని ఆపి, పడుకుని, పొద్దున్న చూసుకుంటే, దాని రుచి నాలిక చివర తగిలినట్టు ఉంటుంది.

నేను పెట్టుకున్న నియమం చిన్నదే. ధనుర్మాసం నెల్లాళ్లూ సేవాకాలం అయి తీర్థం తీసుకునేదాకా ఫోను ముట్టను. ఏడాది పొడవునా, నా కళ్లతో చూడనిదీ, అడిగి తెలుసుకోనిదీ ఎవరికీ పంపను. మళ్లీ ఎప్పుడైనా 'ట' రాయాల్సి వస్తే ముందు ఎవరో ఒకరికి ఫోన్ చేసి అడుగుతాను. మా మేనల్లుడు నన్ను చూసి పెట్టుకున్న నియమం ఏదో ఉందని మా అక్క చెప్పింది. ఏమిటని నేను అడగలేదు. వాడి నోము వాడిది.

మామ్మగారు ప్రతి ఏడూ రెండో పాశురానికి తప్పకుండా వస్తుంది. ఆవిడ మణికట్టు అతికింది గానీ కుడి అరచెయ్యి పూర్తిగా పైకి తిరగదు. ఆచార్యులుగారు తీర్థం పోస్తుంటే గోకర్ణంగా పట్టలేక సగం నీళ్లు కిందికి జారిపోతాయి. ఆవిడ పక్కన నిలబడి, ఆ చేతి కింద నా దోసిలి పెడతాను. తన చేతిలో నిలిచినంత తాగి, నా దోసిట్లోకి జారింది నన్ను కళ్లకద్దుకోమంటుంది.