ఊరి స్టేషన్‌లో పరాయివాడు

అమెరికాలో ఒక చిన్న ఊరి రేడియో, టీవీ స్టేషన్‌కి నేనే ఇంజనీర్ని. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు ఒక్కొక్కరే రిటైరై వెళ్లిపోయారు. దాంతో ఈ స్టేషన్ చరిత్ర ఎవరైనా అడిగితే చెప్పాల్సింది పై దేశం నుంచి వచ్చిన నేను.

మొదట పుట్టింది ఏఎం రేడియో. దాని లైసెన్సు కాగితంలో ఏ నెలలో ఎన్నింటికి పొద్దు గూకుతుందో రాసి ఉంటుంది. చీకటి పడ్డాక ఏఎం వాడే మీడియం వేవ్ సిగ్నల్ ఆకాశంలో పైనున్న ఐనోస్ఫియర్ అనే పొరకి తగిలి వందల మైళ్ల అవతల దిగుతుంది, అక్కడ అదే ఫ్రీక్వెన్సీ మీదున్న స్టేషన్‌కి అడ్డం పడుతుంది. అందుకే ఆ టైముకి పవర్ తగ్గించాలి. పాత లాగ్ పుస్తకాల్లో ఆ వేళ, మీటర్ రీడింగు, పక్కన ఆపరేటర్ పొట్టి సంతకం. కాఫీ మరకలు అదనం.

టీవీది వేరే తంటా. 1948 సెప్టెంబరులో కొత్త టీవీ లైసెన్సులు ఆపేసిన ఎఫ్‌సీసీ (అమెరికాలో ప్రసారాలకి లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ), 1952 ఏప్రిల్లో గానీ మళ్లీ తలుపు తియ్యలేదు. తీశాక మాలాంటి చాలా ఊళ్ల వంతుకి యూహెచ్‌ఎఫ్ ఛానళ్లు, అంటే ఇంకా ఎక్కువ ఫ్రీక్వెన్సీ మీద నడిచేవి, వచ్చాయి. అప్పటి సెట్లలో కన్వర్టర్ తగిలిస్తే గానీ అవి రావు. చూసేవాళ్లు లేక ప్రకటనలు రాక ఎన్నో స్టేషన్లు మూతపడ్డాయి. మాది నిలిచిందంటే రేడియో సంపాదన తిని నిలిచింది. ప్రతి కొత్త సెట్లోనూ యూహెచ్‌ఎఫ్ ఉండాలన్న చట్టం 1964లో అమల్లోకి వచ్చాకే ఊపిరి పీల్చుకుంది.

2009 జూన్ 12న పాత అనలాగ్ టీవీ ప్రసారం పోయి డిజిటల్ మిగిలింది. దాని గురించి అందరూ మాట్లాడతారు గానీ, నన్నడిగితే అసలు దెబ్బ 2017లో తగిలింది. స్టూడియో ఊళ్లోనో దగ్గర్లోనో ఉండాలన్న నిబంధనని ఎఫ్‌సీసీ ఆ ఏడాది ఎత్తేసింది. ఎవరు పోయారో పొద్దున్నే చదివే గొంతు, శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ కామెంటరీ, పాత ట్రాక్టర్ అమ్ముతామంటూ వచ్చే ఫోన్లు, అన్నీ సన్నగిల్లాయి. ఇప్పుడు కార్యక్రమాలు వేరే రాష్ట్రం నుంచి వస్తాయి. పవర్ తగ్గించేది కంప్యూటర్.

నాకు మిగిలింది టవర్. చలికాలంలో గేటు దాటేముందు తలెత్తి చూడమని నాకు పని నేర్పిన పెద్దాయన చెప్పాడు. పైనుంచి మంచుపెళ్ల జారితే కారు అద్దమే ఆగదు, తల ఏపాటి!

ఒక్క రూల్ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. గంటకోసారి కాల్ సైన్ (స్టేషన్‌కి లైసెన్సులో ఇచ్చిన అక్షరాల పేరు), వెంటనే ఊరి పేరు చెప్పి తీరాలి. చెబుతున్నాం. రికార్డు చేసినతను ఈ ఊరు ఎప్పుడూ రాలేదు.