మూడు డిగ్రీల కాడ ఆగిన లొల్లి

చెవులు ఇంకా గుయ్యిమంటున్నయ్. పొద్దుగాల జడ్చర్లల బస్సు దిగి మెషిన్ షాప్‌కు పోయేసరికి నైట్ షిఫ్ట్ పిలగాడు మొఖం వేలాడేసుకొని కూసున్నడు. ఈఎన్8 స్టీల్ బ్లాక్‌ల మెషిన్ మీద కోసిన గుంట, అదే పాకెట్, దాని గోడల నిండ గీతలు, గోరు పెట్టి గుంజితే గర్రుమంటున్నది.

టూల్ కొత్తదే, 12 ఎంఎం కార్బైడ్ ఎండ్‌మిల్, అంటే తిరుక్కుంట మెటల్ కోసే టూల్, నాలుగు పళ్లది, హోల్డర్‌ల నుంచి 60 ఎంఎం బయటికి వేలాడుతున్నది. పాకెట్ 40 లోతే గదరా ఇంత ఎందుకు అని 45కి లోపలికి నెట్టి బిగిచ్చిన, ఆ 15 ఎంఎంకే టూల్ రెండింతల కన్న ఎక్కువ గట్టిగైతది, పొడుగు పెరిగితే గట్టితనం దాని ఘనం లెక్కన పడిపోతది మరి. సప్పుడు జర తగ్గింది గానీ మూలకు పోంగనే టూల్ మెటల్‌ల ఎక్కువ కూరుకుంటది గదా, మళ్ల కీచుమన్నది.

కీచుమంటే మెషిన్ మీది ఓవర్‌రైడ్ నాబ్ తిప్పి టూల్ తిరిగే ఆర్‌పీఎం తగ్గించుడే ఇన్నేండ్ల సంది నాకు తెల్సిన వైద్యం. ఇయ్యాల ఎందుకో ఫోన్‌ల సప్పుడు కొలిచే యాప్ పెట్టి చూసిన, 1100 హెర్ట్జ్ కాడ ముల్లు నిలబడ్డది. 2400 ఆర్‌పీఎంకు నాలుగు పళ్లంటే సెకనుకు 160 దెబ్బలే, మరి ఈ 1100 ఏంది? అది టూల్ వణికే సప్పుడు. ఒక పన్ను వణుక్కుంట అలలు గీసిపోతది, ఎనుకొచ్చే పన్ను ఆ అలల మీదనే కోస్తది, మందం మారుతది, ఇంకింత వణుకుతది. మా ఊరి మట్టిరోడ్డు మీద టిప్పర్లు తిరిగి తిరిగి పక్కటెముకల్లెక్క గట్లు లేస్తయి చూడు, అచ్చం గట్లనే.

పంటికీ పంటికీ నడుమ 90 డిగ్రీలు, 1100ను 160తోని భాగిస్తే అండ్ల ఏడు అలల దాక పడుతున్నయి, ఒక్కోటి 13 డిగ్రీలు, సగం అల అంటే ఆరున్నర. టూల్స్ అమ్మే అతను ఎప్పుడో ఇచ్చిపోయిన శాంపిల్ డ్రాయర్‌ల పడున్నది, దాని పళ్లు 87, 93, 87, 93. తేడా ఆరు, దగ్గర దగ్గర సగం అల! ఒక సందుల తాళం కలిస్తే పక్క సందుల తప్పుతది. అదే 2400కు పెట్టి నడిపిన, మూలల గూడ గుమ్మని ఒక్క తీరు సప్పుడు, గంతే. పిలగాడు వచ్చి గోడ మీద వేలు రాసి చూసి ఏం మాట్లాడలే.

మా పాత ఫిట్టరన్న కొత్త టూల్ అంచును ఆయిల్ స్టోన్ తోని ఒక్కసారి గీసెటోడు, పైసలు పెట్టి కొన్న పదును తీస్తవేందే అని నవ్వెటోన్ని. తక్కువ స్పీడ్‌ల ఆ అరిగిన అంచే అలలకు రాసుకుంట వణుకును ఆపుతదంట, ఆయనకు హెర్ట్జ్ గిట్ల ఏం తెల్వది, చెవి తెల్సు.

రేపు అల్యూమినియం జాబ్, 8000 ఆర్‌పీఎం. ఆ స్పీడ్‌ల పంటికీ పంటికీ నడుమ రెండు అలలే పడ్తయి, ఈ ఆరు డిగ్రీలు ఏ మూలకూ రావు. పొద్దుగాల పోంగనే టూల్ బిగిచ్చి చిన్న సుత్తితోని తట్టి, ఫోన్ దగ్గర పెట్టి అది ఎన్ని హెర్ట్జ్ కాడ వణుకుతదో వినాలె.