సంచికి దారం ఎంచుకోవడం
ట్రెక్కింగ్‌కి వీపు సంచి ఇంట్లోనే మిషన్ మీద కుట్టాను. గుడ్డ కంటే దారం గురించే ఎక్కువ ఆలోచించాను. కాటన్ దారం తడిగా ఉండిపోతే కుళ్లుతుంది, అది వద్దనుకున్నా. నైలాన్ గట్టిదే కానీ ఎండకు త్వరగా నీరసిస్తుంది. మన ఎండల సంగతి తెలిసిందేగా! అందుకే పాలిస్టర్.

దారం లావు టెక్స్ నంబరులో ఉంటుంది: వెయ్యి మీటర్లు ఎన్ని గ్రాములు తూగితే అంత టెక్స్. మామూలు బట్టలకు సుమారు 30. నేను 70 తీసుకుని 110 నంబర్ సూది పెట్టాను. సన్న సూదైతే కన్ను దగ్గర ఒరుసుకుని దారం పీచులు లేస్తుంది.

భుజం పట్టీల దగ్గర మాత్రం తొందరపడలేదు. అడుగున దారం ఉచ్చుల్లా కనిపిస్తే పై దారం వదులైనట్టే. పై దారం, కింది దారం కలిసే ముడి, గుడ్డ పొరల మధ్యలో దాక్కునేదాకా మిషన్ టెన్షన్ (పై దారం బిగువు) కొద్దికొద్దిగా పెంచాను. సంచి నిండా బియ్యం పోసి పట్టీలతో ఎత్తితే ఒక్క కుట్టూ కదల్లేదు. ఎంత సంతోషమేసిందో!