పర్లాకిమిడిలో మా అంబాసిడర్ గేర్ బాక్సు దించినప్పుడు

మా అంబాసిడర్‌ను చూసిన ప్రతి మెకానిక్కూ ఒకే మాట అన్నాడు: క్లచ్ సెట్టు మార్చేయండి, సరిపోతుంది. నాకు ఆ మాట రుచించలేదు. బండికి ఉన్న జబ్బులు రెండు. ఆగిన చోటు నుంచి కదిలేటప్పుడు బండంతా దడదడ వణుకుతుంది. పెడల్ పూర్తిగా తొక్కినా రివర్సు గేరు కరకరమంటూ పడుతుంది. మొదటిది క్లచ్ సరిగా పట్టకపోవడం, రెండోది సరిగా విడవకపోవడం. రెండూ ఒకే క్లచ్ ప్లేటు (ఇంజను తిప్పుడును గేర్ బాక్సుకు అందించే రాపిడి బిళ్ల) తప్పని ఎలా అనుకోవాలి?

ఇది మార్క్ 4. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) 1489 సీసీ పెట్రోలు ఇంజను, స్టీరింగు పక్కన గేరు కర్ర. ఒడిశాలోని మా పర్లాకిమిడి ఇంకా గంజాం జిల్లాలో ఉన్న రోజుల్లో మా మావయ్యగారు కొన్నారు. 1992లో గజపతి జిల్లా ఏర్పడింది, 2014లో ఉత్తరపాడా కర్మాగారంలో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది, బండి మాత్రం మా ఇంట్లోనే ఉంది. రెండో గేరు కూడా దిగేటప్పుడు గొణుగుతోంది కాబట్టి గేర్ బాక్సు ఎలాగూ విప్పాలి. అందుకే ఇంజనునూ గేర్ బాక్సునూ కలిపి చెయిన్ పుల్లీతో పైకి లేపించాం.

రెండింటినీ విడదీయగానే వణుకుకు కారణం కళ్లెదుటే కనిపించింది. క్లచ్‌ను కప్పి ఉంచే డొప్ప (బెల్ హౌసింగ్) లోపల నల్లటి జిడ్డు, ప్లేటు అంచుల దాకా నూనె. ఈ ఇంజనులో క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, వెనకవైపు రబ్బరు సీలు ఉండదు. క్రాంకు మీద చెక్కిన మరలాంటి గాడి, తిరుగుతూ నూనెను లోపలికే తోసేస్తుంది. ఇంజను లోపల గాలి ఒత్తిడి పెరిగితే ఆ గాడి ఏమీ చేయలేదు. ఆ గాలిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టం మా బండిలో మసితో పూర్తిగా పూడుకుపోయి ఉంది. అదీగాక, కారిన నూనె కిందికి పోవడానికి బెల్ హౌసింగ్ అడుగున ఒక రంధ్రం, అది పూడకుండా అందులో వదులుగా కదిలే స్ప్లిట్ పిన్ను (రెండు కాళ్ల కమ్మీ సూది) ఉంటాయి. అక్కడ ఎర్రమట్టి గట్టిపడి రంధ్రం మూసుకుపోయింది. కొత్త ప్లేటు వేసి ఊరుకుని ఉంటే అదీ కొద్ది కాలానికే నూనెలో తడిసేది. బ్రీదర్‌ను కిరసనాయిలులో నానబెట్టి ఊదించి శుభ్రం చేశాక గానీ నేను కొత్త సామాను పెట్టె తెరవనివ్వలేదు.

సామాను సంగతి వేరే పురాణం. అంబాసిడర్ క్లచ్ అంటే దుకాణంవాళ్లు మొదట అడిగేది బీఎంసీనా, ఇసుజునా అని. తొంభైల్లో వచ్చిన ఇసుజు ఇంజను బళ్ల క్లచ్ వేరు, మాది వేరు. ఆ ప్రశ్న అడగకుండానే సెట్టు చేతిలో పెట్టే దుకాణం నుంచి లేచి వచ్చేయడం మంచిది. మేము కోల్‌కతా మల్లిక్ బజారు నుంచి పలాసకు తెప్పించుకున్నాం. 8 అంగుళాల ప్లేటు, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు ఆ పట్టు వదిలించే రిలీజ్ బేరింగు, స్పిగాట్ బుష్.

మేస్త్రికి డెబ్బై దగ్గర పడ్డాయి. నాతో తెలుగు, కుర్రాడితో ఒడియా, బోల్టులతో మాత్రం బూతులు. "బాబూ, కొత్తదాన్ని నమ్మకు, కొలిచి చూడు" అని ముందే చెప్పాడు. ప్లేటును గేర్ బాక్సు షాఫ్టు పళ్ల మీద జరిపి చూస్తే సగంలో బిగుసుకుంది. అడ్డుపడ్డవి తయారీలో మిగిలిన గరుకు అంచులు. సన్నటి ఆకురాయితో సుతారంగా తీశాక, బరువుకు తానే జారింది. ప్రెషర్ ప్లేటును ఫ్లైవీల్ (క్రాంకు చివర తిరిగే బరువు చక్రం) మీద బిగించి, రిలీజ్ బేరింగు నొక్కే దాని మూడు మీటల (వేళ్లంటారు) ఎత్తూ స్కేలుతో కొలిస్తే ఒక వేలు దిగువన ఉంది. వేళ్లు ఎత్తుపల్లాలుగా ఉంటే నూనె చుక్క లేకపోయినా బండి వణుకుతుంది. దాన్ని అక్కడికక్కడే సర్దుతానని కుర్రాడు ముందుకొచ్చాడు గానీ, కొలతల జిగ్గు (ఎత్తు సరిచూసే అచ్చు) లేకుండా వాటిని ముట్టుకోకూడదని మేస్త్రి ఒప్పుకోలేదు. తిప్పి పంపాం. దుకాణదారు మొదట గొణిగినా, ఫొటోలు చూశాక మారు మాట్లాడకుండా వేరేది పంపాడు.

ఈలోగా ఫ్లైవీల్ పని చేయించాం. వేడికి నీలం మచ్చలు పడ్డాయి. సరిహద్దు దాటి పాతపట్నం తీసుకెళ్లి లేత్ మీద ముఖం చదునయ్యేలా ఒక పలుచటి పొర తీయించాను. విప్పే ముందే క్రాంకు మీదా ఫ్లైవీల్ మీదా పంచ్‌తో గుర్తు పెట్టుకున్నాం, మళ్లీ అదే స్థానంలో కూర్చోవాలి కదా.

నాకు అన్నిటికన్నా నచ్చిన పని స్పిగాట్ బుష్‌ది. క్రాంకు చివర గుంటలో కూర్చునే చిన్న కంచు బుష్ అది. గేర్ బాక్సు షాఫ్టు కొన దాని మీదే ఆనుతుంది. వెనక దారి లేదు కాబట్టి పట్టి లాగడానికి వీలుండదు. మేస్త్రి ఆ గుంటను గ్రీజుతో నింపి, రంధ్రానికి సరిగ్గా పట్టే కమ్మీని పెట్టి సుత్తితో కొట్టాడు. గ్రీజుకు వెళ్లే చోటు లేక బుష్‌నే వెనక నుంచి బయటికి నెట్టింది. కొత్త బుష్‌లో ఇంజనాయిలు పోసి రెండు వైపులా వేళ్లతో మూసి నొక్కితే, కాసేపటికి గోడల్లోంచి నూనె చెమటలా ఊరింది. అప్పుడే బిగించాం. గుంటలో మిగిలిన గ్రీజు మొత్తం తుడవాలి, లేకపోతే అది నేరుగా ప్లేటు మీదికే చిందుతుంది.

గేర్ బాక్సు లోపల రెండో గేరు ఇత్తడి సింక్రో రింగు, అంటే గేరు పడే ముందు వేగాలు కలిపేది, అరిగి గేరు కోన్‌కు ఆనుకుపోయింది. రింగులు మార్చి, సూదుల్లాంటి సన్నటి రోలర్లను గ్రీజుతో అంటించి షాఫ్టు దూర్చడం ఓపిక పరీక్ష. ఫస్టు గేరుకు ఈ బాక్సులో సింక్రోయే లేదు. బండి పూర్తిగా ఆగాకే వేయాలి.

బిగింపులో చూసుకోవలసినవి కొన్నే, కానీ ఒక్కటీ వదలకూడదు. ప్లేటు మధ్య స్ప్రింగులు పొడుచుకొచ్చిన వైపు గేర్ బాక్సుకు ఎదురుగా ఉండాలి. ప్లేటును నడిమికి తేవడానికి మేస్త్రి దాచుకున్న పాత షాఫ్టునే దూర్చాం. ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాం. రిలీజ్ బేరింగని పేరే గాని ఇందులో గుండ్లు ఉండవు, గ్రాఫైట్ రింగు ఉంటుంది. దాని ముఖానికి గ్రీజు రాస్తే చెడగొట్టినట్టే. గేర్ బాక్సును జతచేస్తున్నంత సేపూ కింద జాకీ ఉంచాం. దాని బరువు ప్లేటు మీద వేలాడితే ప్లేటు నడిమి హబ్బు వంగుతుంది.

ఇక కరకర సంగతి. అది గేర్ బాక్సులో లేదు, ప్లేటులోనూ లేదు. ఈ క్లచ్ ద్రవం ఒత్తిడితో పనిచేస్తుంది: పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండరు ద్రవాన్ని నెడితే, కింద స్లేవ్ సిలిండరు రిలీజ్ బేరింగును కదిపే ఫోర్కును తోస్తుంది. పెడల్‌ను మాస్టర్ సిలిండరుకు కలిపే పిన్ను, కింద స్లేవ్ సిలిండరు కడ్డీని ఫోర్కుకు కలిపే పిన్ను సగానికి అరిగిపోయాయి, వాటి రంధ్రాలు కోలగా సాగిపోయాయి. పెడల్ ప్రయాణంలో చాలా భాగం ఆ వదులు తీరడానికే ఖర్చయిపోతోంది. మొత్తం సామానులో అతి చవకైనవి ఆ పిన్నులే. రంధ్రాలకు బుష్‌లు వేయించి పిన్నులు మార్చి, సిలిండర్ల రబ్బర్లు కొత్తవి వేశాం.

ఆ ద్రవం గొట్టాల్లో చేరిన గాలి తీసే పనిలో పెడల్ తొక్కడం మా అబ్బాయికి అప్పగించాను. నేను కారు కింద, వాడు సీట్లో.

"తొక్కు నాన్నా, పట్టుకో."

"వదలనా?"

"నేను చెప్పేదాకా వదలకు!"

బుడగలు ఆగేదాకా ఇదే సంభాషణ.

పెడల్ తొక్కి కొన్ని సెకన్లు ఆగి రివర్సు వేస్తే ఇప్పుడు చప్పుడు లేదు. ఆర్. ఉదయగిరి ఘాట్‌లో ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించి చూశాం, వణుకు లేదు. దిగాక స్ప్లిట్ పిన్ను దగ్గర వేలు పెడితే తడి తగిలింది. ఈ ఇంజనుకు ఆ మాత్రం మామూలే, రంధ్రం తెరుచుకుని ఉందన్న మాట. మూడో గేరులో సన్నటి ఊళ మాత్రం మిగిలింది. పళ్లు అరిగాయి, ఆ గేరు దొరకాలి. దొరికేదాకా బాక్సు మళ్లీ విప్పేది లేదని మేస్త్రి తేల్చేశాడు.